పౌడరు రాసిన చెయ్యి

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం కనపడలేదు. ఎడారి వైపునుంచి వీచిన గాలి దుమ్మునంతా ఎత్తుకొచ్చి ఈ అరబ్బు ఊళ్లో నయీమ్ పేట మేడల మీద ఆరబోసినట్టుంది. సూర్యుడు లేచాడు గానీ ఎండ లేదు. వెలిసిపోయిన చొక్కా బొత్తాంలా, కళ్లు చికిలించకుండా చూడగలిగేట్టు ఉన్నాడు. ఎదురుగా మసీదు మినారు సగం దాకానే ఉంది. ఆ పైన ఏమీ లేదు.

లూర్దుమేరి కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కి వచ్చి, మంచం అంచున కూర్చుని కుడిచెయ్యి చాపింది. లిండా ఆ చేతికి పౌడరు రాయడం మొదలుపెట్టింది.

ఇది మూడో శుక్రవారం. ముందు తడి స్పాంజితో ఏదో క్రీము పూస్తుంది. అది ఆరాక పౌడరు. మణికట్టు నుంచి గోళ్ల దాకా, వేళ్ల మధ్య సందుల్లో కూడా. లిండా మహూజ్‌లో ఒక బ్యూటీ సెలూన్‌లో పెళ్లికూతుళ్లని ముస్తాబు చేసే మనిషి. ఆ చెయ్యి తిరిగినతనం అంతా ఇప్పుడు లూర్దుమేరి చేతిని తన చెయ్యిగా మార్చడంలో పెడుతోంది.

"కదలకు ఆతె," అంది లిండా.

ఆతె అంటే వాళ్ల భాషలో అక్క. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. విరిగిన ఇంగ్లీషు, నాలుగు అరబ్బీ మాటలు, మిగతాది చేతులతో. మూడేళ్లు ఒకే గదిలో రెండు మంచాల మీద పడుకున్న ఆడవాళ్లకి అంతకన్నా అక్కర్లేదు.

పౌడరు కింద నలుపు పోతుంటే లూర్దుమేరికి అత్తగారు సుబ్బాయమ్మ గుర్తొచ్చింది. పెళ్లయిన మూడోనాడు చుట్టాలందరి ముందూ అంది. "మావోడి పక్కన నించుంటే పాలగ్లాసు పక్కన పొగాక్కాడలా ఉందమ్మా." నవ్వుతూనే అంది. అత్తగార్లు తిట్టినవి మర్చిపోవచ్చు. నవ్వుతూ అన్నవే చాలాకాలం నిలబడి ఉంటాయి. ఫొటోలు తీస్తున్నప్పుడు మొగుడు సుందర్‌రాజు చెవిలో చెప్పాడు, "ఆ చేతులు కొంగులో పెట్టుకో." ఆ ఫొటోలో ఆమెకి చేతులు లేవు.

ఆ చేతులే ఇప్పుడు మహూజ్‌లో ఒక నర్సరీ బడిలో రోజుకి ఇరవైరెండు మంది పిల్లల ముక్కులు తుడుస్తాయి. జడలు వేస్తాయి, ముద్దలు పెడతాయి, లాగులు మారుస్తాయి. "మేరీ చెయ్యి పడితే చాలు, ఏడ్చే పిల్ల ఊరుకుంటుంది," అంటుంది అక్కడి మేడం. సొంత కూతురు మెర్సీకి తొమ్మిదేళ్లు. నరసాపురం అవతల పల్లెలో, సుబ్బాయమ్మ దగ్గర ఉంది. ఆ పిల్ల తల మీద తల్లి చెయ్యి పడి మూడేళ్లయింది.

లిండా తన వేలి పెళ్లి ఉంగరం తీసి లూర్దుమేరి వేలికి తొడిగింది. బిగుతుగా ఎక్కింది. తన పసుపుపచ్చ నైటీ కూడా తొడిగించి, కాస్త వెనక్కి జరిగి, ఒళ్లు మొత్తాన్ని కాకుండా మెడ నుంచి చేతి దాకా మాత్రమే చూసింది.

"బాగుంది. పిల్లలకి తేడా తెలీదు."

ల్యాప్‌టాప్ మీద తగిలించిన కెమెరాని కిందికి వంచింది. మెడ పైన కనపడకూడదు. మాట వినపడకుండా మైకు ఆపేసింది. పక్క గదివాళ్లు పడుకున్నారు, మాట్లాడకూడదు అని అక్కడి పిల్లలకి చెప్పి ఉంచిందట. తర్వాత సెలూను సంచీ భుజాన వేసుకుని, "ఇవాళా పెళ్లికూతురుంది, యల్లా, పోవాలి," అనుకుంటూ వెళ్లిపోయింది.

తలుపు పడింది. కెమెరా పక్కన చిన్న పచ్చదీపం వెలుగుతోంది, రెప్ప వెయ్యని కన్నులా.

లిండా పిల్లల్ని పెంచే పద్ధతి ఇది. రెండేళ్లుగా లూర్దుమేరి చూస్తోంది. శుక్రవారం పొద్దున ఇక్కడ ఏడున్నరైతే ఫిలిప్పీన్స్‌లో మధ్యాహ్నం అన్నాల వేళ. అక్కడ లిండా అత్తగారు బల్ల మీద, తల్లి కూర్చోవాల్సిన చోట, కంప్యూటరు పెడుతుంది. దాని ముందు ఒక కంచం పెట్టి వేడన్నం వడ్డిస్తుంది. అది లిండా వాటా. ఆమె ఇక్కడ తన కంచం ముందేసుకుని కూర్చుంటుంది. భర్త ఏదో ఓడలో వంటవాడు, ఏ సముద్రంలో ఉన్నాడో ఏడాదికోసారి తెలుస్తుంది. పిల్లలిద్దరు. పద్నాలుగేళ్ల రోవేనా, ఎనిమిదేళ్ల జున్‌జున్. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి "మానో పో" అంటారు. అంటే పెద్దవాళ్ల చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోవడం. మనవాళ్లు కాళ్లకి మొక్కినట్టు వాళ్లకది. లిండా చేతి వెనకభాగం కెమెరా దగ్గరికి చాపుతుంది, పిల్లలు అక్కడ తల వంచి నుదురు ఆనిస్తారు. ఇక్కడ తెర నిండా నల్లటి తలకాయ, మధ్యలో తెల్లటి పాపిడి. అంతే కనపడుతుంది. ప్రతి మాట చివరా "పో" ఉండాలి, మన "అండి" లాగా. లేకపోతే లిండా చూపుడువేలు లేస్తుంది. తిన్నారా, చదివారా, నానమ్మకి కాళ్లు పిసికారా, నానమ్మకి ఎదురు చెప్పారా. ప్రశ్న మీద ప్రశ్న.

లూర్దుమేరికి మొదట్లో అది అబ్బురం. ఇన్ని సముద్రాల అవతల నుంచి పిల్లల వంచిన తల అందుకునే తల్లి. తనూ అలాగే పెంచాలనుకుంది మెర్సీని. లిండా కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నాక పాతది తీసుకుని ఇంటికి పంపిద్దామని మాట కూడా అయింది. ఫోనులో సుందర్‌రాజు నవ్వాడు. "కంప్యూటర్లోంచి తల దువ్వుతావా? ముద్ద కలిపి పెడతావా? సర్లే, పంపు. ఊళ్లో ఎవరింట్లోనూ లేదు, మనింట్లో ఉందంటే అదో పరువు."

కంప్యూటర్లో బొమ్మ వచ్చింది.

గది, బల్ల, గోడకి సాధువుల బొమ్మల క్యాలెండరు. ముసలామె వెనకనుంచి బకెట్టు పట్టుకుని వెళ్లింది. ఎక్కడో కోడి కూసింది. తెర ముందు కంచంలో అన్నం పొగలు కక్కుతోంది. ఆ అన్నం చూసినప్పుడల్లా లూర్దుమేరికి ఊళ్లో పక్కింటి నరసాయమ్మ జ్ఞాపకం వస్తుంది. పెద్దల పండగనాడు చచ్చిపోయిన మొగుడి ఫొటో ముందు ఆకేసి అన్నీ వడ్డించి, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసేది. "కాసేపు చూడకూడదమ్మా. ఆళ్లు తినాలిగా," అని అరుగు మీద కూర్చునేది. మనం క్రైస్తవులం, అలాంటివి మనకి లేవని నాన్న అనేవాడు గానీ, ఆ మూసిన తలుపు వైపు చూడడానికి మేరికి భయంగా ఉండేది.

క్యాలెండరు వెనకనుంచి బల్లి వచ్చింది.

మొదటి శుక్రవారం ఆ బల్లిని చూసి నవ్వుకుంది. క్యాలెండరు కిందినుంచి జారి వచ్చి, రోవేనా తల పైన ఆగి, తోక రెండుసార్లు ఆడించి, తెల్ల పురుగుని పట్టుకుని మళ్లీ క్యాలెండరు వెనక్కి పోయింది. రెండో శుక్రవారం కూడా వచ్చింది. జీవాలకీ వేళలుంటాయి, పాలేర్ల కన్నా ఖచ్చితంగా వస్తాయి అనుకుంది.

ఇవాళ బల్లి ఆగింది. తోక ఒకసారి ఆడింది. ఇంకోసారి ఆడుతుందని లూర్దుమేరికి తెలుసు. ఆడింది. తెల్ల పురుగు ఎటునుంచి వస్తుందో తెలుసు. అటునుంచే వచ్చింది. ఇప్పుడు పిల్లాడు ఎడమచెవి గోక్కుంటాడు అనుకుంది. గోక్కున్నాడు. ఇప్పుడు చెంచా పడుతుంది.

చెంచా పడింది.

ఆమె కళ్లు క్యాలెండరు మీదికి పోయాయి. ఎర్రటి అంగీ, కిరీటం, బాలయేసు బొమ్మ. వాళ్లకి బాలయేసు పండగ జనవరిలో, అది ఆ నెల బొమ్మ. ఇది తపస్సుకాలం, ఉపవాసాల రోజులు. ఈస్టరు ఇంకా రెండు వారాలుంది. గుడ్‌ఫ్రైడే దగ్గరపడుతుంటే ఏ కతోలిక ఇంట్లోనూ, అదీ లిండా అత్తగారి లాంటి మనిషి ఇంట్లో, క్యాలెండరులో పిల్లవాడి పండగ బొమ్మ అలా వేలాడుతూ ఉండదు.

"మానో పో," అంది రోవేనా గొంతు. పిల్ల లేచి కెమెరా వైపు వస్తోంది.

లూర్దుమేరి పౌడరు చెయ్యిని చాపబోయి ఆగింది. మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

చెయ్యి లేదు. అయినా తల వంగింది. తెర నిండా నల్లని జుట్టు, నిటారుగా పాపిడి. లేని చేతికి నుదురు ఆనించి, ఎంతసేపు ఆనించాలో అంతసేపు ఆనించి, తల లేచింది. పిల్ల చిరునవ్వు నవ్వింది. వెనక తమ్ముడు వచ్చి వంగాడు. వాడూ నవ్వాడు.

గదిలో ఫ్రిజ్ మోత ఒక్కటే వినపడుతోంది. దుమ్ము కిటికీ అద్దానికి సన్నగా రాసుకుంటోంది. ఈ పిల్లలు ఉన్నారా? ఆ ఆలోచన రాగానే ఉంగరం వేలికి ఇంకా బిగిసినట్టయింది. లాగింది. రాలేదు. అక్కడ ఎవరో అన్నం వడ్డించి తలుపేసి వెళ్లిపోయారు. ఇక్కడ తలలేని మనిషొకతె, ఇంకొకరి నైటీలో, ఇంకొకరి రంగు చేతితో ఆ అన్నం ముందు కూర్చుంది. పెట్టినవాళ్లు బతికున్నట్టా, తినడానికి కూర్చున్నది బతికున్నట్టా?

ఆమె లేచిపోయింది. నైటీ మీద బుర్ఖాలా దుప్పటా కప్పుకుని, ఫోను పట్టుకుని మెట్లు దిగింది. తన పిల్ల గొంతు వినాలి. అంతే.

వీధిలో షాపులన్నీ మూసి ఉన్నాయి. ఇవాళ ఊళ్లో బడికి సెలవు, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. గోడ చాటున నిలబడి ఫోను కార్డు నంబర్లు నొక్కింది.

"హలో అమ్మా. బాగున్నానమ్మా. అన్నం తిన్నానమ్మా. బాగా చదువుతున్నానమ్మా. నువ్వు బాగున్నావామ్మా."

మెర్సీ గొంతు. లూర్దుమేరి ఊపిరి పీల్చుకోబోయి ఆగిపోయింది. కిందటి వారం కూడా ఇవే. ఇదే వరసలో. ఆ ముందు వారం కూడా. బాగున్నాను, తిన్నాను, చదువుతున్నాను, నువ్వు బాగున్నావా. చెంచా పడినట్టు, బల్లి వచ్చినట్టు.

"ఏం కూరే?" అంది.

అవతల దూరంగా సుబ్బాయమ్మ గొంతు. "వంకాయని చెప్పవే."

"వంకాయమ్మా."

"నీ చేతిలో ఇప్పుడేముంది మెర్సీ?"

చిన్నగా, "రిమోటు" అంది. దాని వెనక టీవీలో ఎవరో నవ్వుతున్నారు. "అమ్మా... ఇంక పెట్టేయనా?"

ఫోను సుందర్‌రాజు చేతిలోకి మారింది. "ఆ బడి ఉద్యోగం కాయితం మీద సంతకం పెట్టేవా?"

"పెట్టలేదు."

"ఏం, చెయ్యి పడిపోయిందా? పదిహేను రోజుల్నించీ సంచీలో వేసుకు తిరుగుతున్నావు. ఇంకో రెండేళ్లు ఎంతసేపే, కళ్లు మూసి తెరిస్తే అయిపోద్ది. పిల్లకేం తక్కువిక్కడ? మా అమ్మ చూట్టంలా?"

"చూస్తున్నారు."

"మరి?"

ఆమె ఫోను పెట్టేసింది. దుప్పటా అంచు మొహానికి అడ్డం పెట్టుకుని తిరగబోతే, వీధి చివర మూసేసిన టైలరు షాపు మెట్టు మీద, ఒళ్లో సెలూను సంచీ పెట్టుకుని ఎవరో ఆడమనిషి కూర్చుని కనపడింది. జుట్టు మీద, కనురెప్పల మీద దుమ్ము. చాలాసేపటి నుంచి కదలకుండా కూర్చున్న మనిషి మీద పేరుకునే దుమ్ము.

లిండా.

లూర్దుమేరి వెళ్లి ఎదురుగా నిలబడింది. "పెళ్లికూతురేదీ?"

లిండా తల ఎత్తింది. లూర్దుమేరి మొహంలోకి చూసింది, నైటీ చూసింది, చెయ్యి చూసింది.

"బల్లి కనపడిందా ఆతె?" అంది.

లూర్దుమేరి మెట్టు మీద కూలబడింది.

"నాకు ఫిబ్రవరిలోనే కనపడింది," అంది లిండా. "పెళ్లికూతుళ్లెవరూ లేరు. మూడు శుక్రవారాలుగా ఇక్కడ కూర్చుంటున్నా. అది సినిమా. మా రోవేనా తీసి పెట్టింది. నేను పిలిచే వేళకి అది వేసి, వాళ్లు లోపల గదిలో తింటుంటారు."

"పిల్లలు..."

"బాగున్నారు. మా ఆడపడుచుని అడిగా. బాగున్నారు."

మొదటిసారి ఊపిరి ఆడింది లూర్దుమేరికి. తర్వాత కోపం వచ్చింది. "తెలిసీ నన్నెందుకు కూర్చోబెట్టావు? చేతికి సున్నం కొట్టి మరీ?"

"కుర్చీ ఖాళీగా ఉంటే నాకు తెలిసిపోయిందని రోవేనాకి తెలుస్తుంది. అప్పుడు పిల్ల మొహం ఎలా ఎత్తుకుంటుంది? మాలో ఒకరి సిగ్గు ఇంకొకరు బయటపెట్టరు ఆతె. పెద్దవాళ్లు అసలే పెట్టకూడదు." లిండా సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది. "నేనే కూర్చుందామనుకున్నా. రెండు వారాలు కూర్చున్నా. ఆ తల వంగినప్పుడు చెయ్యి ఇవ్వడం నావల్ల కాలేదు."

గాలి ఆగి మళ్లీ లేచింది. ఒక ప్లాస్టిక్ సంచీ వీధి పొడుగునా దొర్లుకుంటూ పోయింది.

"ముందు ఏడ్చా," అంది లిండా. "తర్వాత తల్చుకున్నా. ఎంత కష్టపడి తీసుంటుంది! తమ్ముడికి తల దువ్వి, గుండీలు పెట్టి, నానమ్మ చేత వేడన్నం పెట్టించి. అమ్మకి ఎదురు చెప్పకూడదని నేర్పింది నేనే. ఎదురు చెప్పలేదు. అమ్మని ఏడిపించకూడదని నేర్పింది నేనే. ఏడిపించలేదు. ఒక్క మాటలో కూడా 'పో' మర్చిపోలేదు. అన్నీ నేర్చుకున్నారు ఆతె. నేనే అక్కర్లేకుండా నేర్చుకున్నారు."

లూర్దుమేరి కళ్ల ముందు తన పిల్ల రిమోటు పట్టుకుని నిలబడి ఉంది. బాగున్నానమ్మా, తిన్నానమ్మా. అది కూడా ఎంత కష్టపడి నేర్చుకుందో. ఎవరూ సినిమా తీయలేదు. ఆ పిల్లే సినిమా అయిపోయింది.

"పైకి రా," అంది.

గది తలుపు తీసేసరికి లోపల కోడి కూస్తోంది. సినిమా అయిపోయి మళ్లీ మొదలైనట్టుంది. ఖాళీ కుర్చీ ముందు ముసలామె బకెట్టు పట్టుకుని వెళ్లింది. చెంచా పడింది. ఎవరూ లేని గదిలో, దుమ్ము వెలుతురులో, ఒక పిల్ల లేచి వచ్చి ఖాళీ కుర్చీకి తల వంచింది. వీళ్లు లేనప్పుడు ఎన్నిసార్లు వంగిందో. లిండా గుమ్మంలోనే ఆగిపోయి తలుపు చెక్కని పట్టుకుంది.

లూర్దుమేరి తిన్నగా సింకు దగ్గరికి పోయింది. సబ్బు పెట్టి రుద్దింది. తెల్లటి నీళ్లు పోయాయి. మణికట్టు దగ్గర మొదలై నలుపు బయటికొచ్చింది, వేళ్లు వచ్చాయి, చీపురు పట్టి కాయ కాసిన అరచెయ్యి వచ్చింది. తన చెయ్యి. నురగలో ఉంగరం జారింది. తుడిచి లిండా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

అప్పుడు కుర్చీలో కూర్చుని కెమెరాని పైకెత్తింది. రెండేళ్లుగా చూస్తోంది కదా, మైకు ఎక్కడ నొక్కాలో తెలుసు. నొక్కింది.

"జున్‌జున్!" అని పిలిచింది.

తెర మీద పిల్లాడు ఎడమచెవి గోక్కున్నాడు.

"జున్‌జున్! ఓ జున్‌జున్!" పొలం గట్టు మీదనుంచి పిలిచినట్టు పిలిచింది. చెంచాతో కంచం మీద టంగుటంగున కొట్టింది. బల్లి వచ్చింది, తోక ఆడించింది. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. పక్క గదిలోవాళ్లు గోడ మీద గుద్దారు. బల్లి పురుగుని పట్టబోయేంతలో బొమ్మ వణికింది. ఒక్కసారి అంతా నల్లబడింది.

నలుపులోంచి ఒక మొహం వచ్చింది. బాగా దగ్గరగా, చెంపలో అన్నం ముద్దతో, బుగ్గ మీద మెతుకుతో. దువ్వని తల.

వాడు అమ్మ నైటీలో ఉన్న నల్లటి మనిషిని చూశాడు. ముద్ద మింగడం మర్చిపోయాడు.  దయ్యాన్ని చూసినట్టు వాడు చూస్తున్నాడు. ఇందాక తను కూడా వాడినలాగే చూసింది, అందుకని ఆమెకి తప్పనిపించలేదు.

"ఆతే!" అని అరిచాడు వాడు వెనక్కి తిరిగి.

ఆ మాట ఆమెకి తెలుసు. అక్కా అని.

లూర్దుమేరి లేచి పక్కకి జరిగింది. లిండా వచ్చి కూర్చునేటప్పటికి రోవేనా పరిగెత్తుకొచ్చి తమ్ముడి వెనక నిలబడింది. తల్లీ కూతుళ్లు చూసుకున్నారు. పిల్ల జుట్టు లేదు. నిటారు పాపిడి, నడుం దాకా దిగే జుట్టు, చెవుల దగ్గరికి కత్తిరించేసి ఉంది. తల్లి ఎన్నడూ ఒప్పుకోనిది. గోడ మీద బల్లి లేదు. క్యాలెండరులో శిలువ కింద వ్యాకులమాత కన్నీళ్లు పెట్టుకుంటోంది.

రోవేనా "మానో పో," అని వంగబోయింది.

లిండా చెయ్యి చాపలేదు. పిల్ల సగంలో ఆగిపోయింది. ఆగి, వంగీ వంగని మెడతో, తల్లిని కళ్లలోకి చూసింది. అట్లా నేరుగా చూడడం కూడా వాళ్లలో తప్పే. లిండా తన చెవి దగ్గర జుట్టు తాకి ఏదో ఒక్క మాట అంది. ఆ మాట లూర్దుమేరికి అర్థం కాలేదు. కానీ పిల్ల చెయ్యి తన కత్తిరించిన జుట్టు మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది, ఎవరో మెచ్చుకున్నట్టు.

ముసలామె గరిటె పట్టుకుని వచ్చింది. తెర వైపు చూసి, పిల్లల వైపు చూసి, ఎవర్నీ ఏమీ అనకుండా లోపలి కంచాలు తెచ్చి బల్ల మీద సర్దింది. తెర ముందు కూడా ఒకటి పెట్టింది. అందులో పొగలు లేవు. చల్లారిన అన్నం, వేయించిన ఎండుచేప.

లూర్దుమేరి గిన్నె దించింది. వీళ్లదీ ఎండుచేపే. తపస్సుకాలం శుక్రవారం, మాంసం తినకూడదు. ఆ వాసనకే ఇంటి ఓనరు రెండుసార్లు గొడవ పెట్టాడు. నరసాపురం నుంచి వచ్చిన ఎండుచేపకీ మనీలా దుకాణం ఎండుచేపకీ వాసనలో తేడా ఉండదని, మొదటి నెల్లోనే ఇద్దరూ ఒకరి డబ్బా ఒకరు మూతతీసి చూసుకుని నవ్వుకున్నారు. రెండు కంచాల్లో వడ్డించి, మావిడికాయ ముక్క వేసి, ఒకటి లిండా ముందు పెట్టి తను పక్కన కూర్చుంది. ఈసారి కెమెరాలో ఇద్దరూ ఉన్నారు, తలలతో సహా.

లిండా ఏమీ అడగలేదు. చదివావా అనలేదు, పిసికావా అనలేదు. జున్‌జున్ ముల్లు తీసుకోవడం చేతగాక తంటాలు పడుతుంటే అక్క తీసి పెట్టింది. వాడు మధ్యమధ్య లూర్దుమేరిని దొంగచూపు చూస్తున్నాడు.

నాలుగు ముద్దలు తిన్నాక లూర్దుమేరి లేచింది. ఎడమచేత్తో మంచం కింద సంచీలోంచి బడి కాగితం తీసింది. కింద గీత మీద పేరు రాసి ఉంది, సంతకం చోటు ఖాళీ. దాన్ని రెండుగా, నాలుగుగా మడిచింది.

"నేను ఇంటికి పోతాను లిండా," అంది. "ఇది పెట్టను. వచ్చే నెలకి ఖలాస్."

"మీ ఆయన?"

"అంటాడు. అననీ. ఎదురుగా ఉంటే అననీ."

"మీ పిల్ల?"

లూర్దుమేరి కాగితం మడతని గోటితో నొక్కింది. ఆ పిల్ల సంతోషిస్తుందో లేదో ఆమెకి తెలీదు. కొత్తమనిషిని చూసినట్టు చూస్తుంది. ఇప్పుడు వీడు చూసినట్టే. "రిమోటు లాక్కుంటే ఏడుస్తుంది కదా," అంది చివరికి. "ఆ ఏడుపు వినాలి."

లిండా తల తిప్పి, తెర వైపు చూసి వాళ్ల భాషలో ఒక్క వాక్యం చెప్పింది. తర్వాత తన ముందున్న కంచాన్ని పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పింది.

ఈ గదిలోకి వచ్చిన మొదటి నెలలో అన్నం మధ్యలో బడి వ్యాను హారను కొడితే లూర్దుమేరి లేచి పోతుంటే, లిండా ఇలాగే తన కంచం తిప్పుకుంది. లూర్దుమేరి కోపంతో రెండ్రోజులు మాట్లాడలేదు. సుబ్బాయమ్మ కూడా "నీ నీడ పడతందే" అని కంచం తిప్పుకునేది మరి. తర్వాత లిండా చేతులు తిప్పి తిప్పి చెప్పింది. తింటూ ఉండగా ఎవరన్నా ప్రయాణమై లేస్తే, మిగిలినవాళ్లు కంచాలు తిప్పుతారు. పోయేవాళ్లు క్షేమంగా చేరాలని. చంటిపిల్లలకి కూడా చెప్పక్కర్లేదు, చూసి తిప్పుతారు. ఆ తర్వాత ఈ మూడేళ్లలో లూర్దుమేరి అన్నం మధ్యలో లేచినప్పుడల్లా వెనక నేల మీద కంచం తిరిగిన చప్పుడు వినపడేది. తను గుమ్మం దాటుతుంటే తన కోసం వెనక ఎవరో ఏదో చెయ్యడం ఆమెకి అదే మొదలు.

ఇప్పుడు తెరలో రోవేనా తన కంచం తిప్పింది. అక్కని చూసి కాదు, దాంతోపాటే జున్‌జున్ తిప్పాడు. అన్నం కాస్త ఒలికింది. ముసలామె తనది తిప్పుకుని, చెయ్యి ముందుకు చాచి, తెర ముందు లిండా కోసం పెట్టిన కంచాన్ని కూడా తిప్పింది.

తిప్పమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడో తీసి పెట్టిందీ కాదు.

ప్రయాణానికి ఇంకా నెల ఉంది. లూర్దుమేరి కాగితాన్ని సంచీలో వేసి, వచ్చి మళ్లీ తన కంచం ముందు కూర్చుంది. కిటికీ అవతల దుమ్ము అలాగే ఉంది. పచ్చదీపం వెలుగుతోంది. ఇక్కడ ఇద్దరూ, అక్కడ ముగ్గురూ తలలు వంచుకుని ముళ్లు ఏరుకుంటూ మెతుకు మిగలకుండా తిన్నారు.